తెల్ల పంచె, చామనఛాయ మొహం

సూరత్‌లో, కతర్‌గామ్‌లో, తాపీ నదికి అటూ ఇటూ ఉన్న పేటల్లో కూర్చుని ఈ ప్రసంగం వింటున్న మన తెలుగువాళ్ళ కోసమే ఈ మాటలు. మీలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి మగ్గం పని మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళు. మీ ఇంట్లో ఒక పాత ట్రంకు పెట్టె ఉండే ఉంటుంది. అందులో అమ్మానాన్నలదో, నానమ్మ తాతయ్యలదో, నలుపు తెలుపు పెళ్ళి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళ ఆ ఫొటో గురించే మాట్లాడుకుందాం.

ఆ ఫొటో ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్ళికొడుకు తెల్ల పంచె కట్టుకుని ఉంటాడు. ఆ పంచె మీద ఒక్క మడత కనిపించదు, అంతా ఒకటే తెలుపు. మొహం చూడబోతే అంతా ఒకటే నలుపు. కళ్ళలో తెలుపు కనిపిస్తుంది, నవ్వితే పళ్ళు కనిపిస్తాయి. చెంప ఎక్కడ మొదలైందో, దవడ ఎక్కడ తిరిగిందో తెలియదు. "మీ తాత నల్లగా ఉండేవాడులే" అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పి ఊరుకుంటారు.

తాత నల్లగా ఉండటం వల్ల కాదండీ ఆ మొహం అలా వచ్చింది. చామనఛాయ మొహంలో ఎన్ని వెలుగులున్నాయో, ఎన్ని నీడలున్నాయో రోజూ ఎదురుగా చూసే మనకి తెలుసు. ఆ మొహం నల్లగా ముద్దకట్టింది డార్క్ రూమ్‌లో. కాంట్రాస్ట్ అదుపు తప్పడం వల్ల. కాంట్రాస్ట్‌ని అదుపులో పెట్టడం చేతనైన మనిషి అదే ఫిల్మ్ తీసుకుని, అదే పంచెలో మడతలూ చూపించగలడు, అదే మొహంలో పోలికలూ చూపించగలడు. నేను చెప్పదలచుకున్నది ఇదే. అది ఎలాగో కాస్త నిదానంగా చెబుతాను.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఎండలో, పందిరి అంచున పెళ్ళి జరుగుతోంది. ఎండ పడ్డ పంచె మీది వెలుగుకీ, పందిరి నీడలో ఉన్న జుట్టు మీది వెలుగుకీ తేడా ఎంతుంటుంది? అది వెయ్యి రెట్ల దాకా పోవచ్చు. మన కన్ను ఆ తేడాని అవలీలగా సర్దుకుంటుంది. ఫిల్మ్ కూడా చాలావరకు పట్టుకుంటుంది. చిక్కంతా ప్రింటు వేసే కాగితం దగ్గర వస్తుంది. మంచి మెరుపున్న బ్రోమైడ్ పేపరు మీద కూడా, బాగా తెల్లనిదానికీ బాగా నల్లనిదానికీ తేడా సుమారు వంద రెట్లే. వెయ్యి రెట్ల లోకాన్ని వంద రెట్ల కాగితంలో కూర్చోబెట్టాలి. మరోసారి చెబుతాను: బయట వెయ్యి, కాగితం మీద వంద. డార్క్ రూమ్ పని మొత్తం ఈ సర్దుబాటు కోసమే.

ఆ సర్దుబాటు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి ఫిల్మ్ కడిగేటప్పుడు, రెండోది ప్రింటు వేసేటప్పుడు.

ఫిల్మ్ సంగతి ముందు. నెగటివ్‌లో అన్నీ తలకిందులు కదా. తెల్ల పంచె అక్కడ చిక్కటి నలుపుగా ఉంటుంది. నీడలో ఉన్న మొహం పలచగా, దాదాపు గాజులాగే ఉంటుంది. ఫిల్మ్‌ని డెవలపర్‌లో వేశాక ఏం జరుగుతుందంటే, నీడ భాగాల పని మొదటి కొద్ది నిమిషాల్లోనే చాలావరకు అయిపోతుంది. అక్కడ వెలుగు తగిలిన వెండి రేణువులు తక్కువ, అవి త్వరగా తేలిపోతాయి. వెలుగు భాగాలు అలా కాదు. పంచె పడ్డ చోట రేణువులు లెక్కలేనన్ని ఉంటాయి. ఎంతసేపు ఉంచితే అంతసేపు నల్లబడుతూనే పోతాయి. అంటే డెవలపింగ్ టైము పెంచితే మొహం పెద్దగా మారదు, పంచె మాత్రం మరీ చిక్కబడుతుంది. రెండింటి మధ్యా దూరం పెరుగుతుంది. ఆ దూరమే కాంట్రాస్ట్.

అందుకే ఈ పని తెలిసినవాళ్ళు ఒక సూత్రం పెట్టుకున్నారు. ఫొటో తీసేటప్పుడు నీడని చూసి వెలుగు ఇవ్వాలి. కడిగేటప్పుడు తెలుపుని చూసి ఆపాలి. ఇది గుర్తుంచుకోండి: ఎక్స్‌పోజర్ నీడ కోసం, డెవలపింగ్ తెలుపు కోసం. మొహంలో వివరం కావాలంటే కెమెరా దగ్గరే ఆ మొహానికి సరిపడా వెలుగు ఇవ్వాలి. అక్కడ ఇవ్వకపోతే తర్వాత ఎంతసేపు కడిగినా రాదు. పంచె చేయి దాటిపోకుండా ఉండాలంటే మామూలు టైము కన్నా ముందే ఆపాలి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫిల్మ్ అయితే ఐదో వంతు తగ్గిస్తారు. మబ్బు పట్టిన రోజున, వెలుగూ నీడా తేడా లేకుండా ఉన్నప్పుడు, అంతే పెంచుతారు.

ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు, కొలిచి తేల్చిన సంగతి. 1890లో ఇంగ్లండులో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు, వెలుగుకీ నెగటివ్ నలుపుకీ ఉన్న సంబంధాన్ని గీత గీసి చూపించారు. ఆ గీత ఎంత నిటారుగా లేస్తే కాంట్రాస్ట్ అంత ఎక్కువ. ఇంకో యాభై ఏళ్ళకి అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఫొటోగ్రాఫర్లు కలిసి అదే విషయాన్ని విద్యార్థులకి అర్థమయ్యేలా జోన్ సిస్టమ్‌గా కుదిర్చారు. వాళ్ళు పెద్ద ఫిల్మ్ ఒక్కొక్క షీటు విడివిడిగా కడిగేవాళ్ళు. మన ఊరి స్టూడియోలో ఆ వీలు ఉండేది కాదు. ఒకే రోల్‌లో ఎండలో మంగళస్నానం, గదిలో లైటు పెట్టి తీసిన గ్రూపు ఫొటో, రాత్రి ఫ్లాష్‌తో ఊరేగింపు, మూడూ ఉండేవి. మూడింటికీ ఒకటే డెవలపర్, ఒకటే టైము. అందుకే మనవాళ్ళకి ప్రింటు దగ్గర పని ఎక్కువ పడేది.

పైగా మన ఎండలు. డెవలపర్ పొట్లాల మీద రాసి ఉండేది 20 డిగ్రీల లెక్క. మే నెలలో కరీంనగర్‌లో కానీ, ఇక్కడ సూరత్‌లో కానీ కుళాయి తిప్పితే 30 డిగ్రీలు దాటిన నీళ్ళు వస్తాయి. వేడి పెరిగితే డెవలపర్ వేగం పెరుగుతుంది. 20 దగ్గర 8 నిమిషాలు పట్టే ఫిల్మ్‌కి 24 దగ్గర సుమారు 6 చాలు. ఆ లెక్క చూసుకోకుండా టైము ప్రకారం ఉంచేస్తే పంచె కొట్టుకుపోతుంది, మొహం మిగలదు. డెవలపర్‌లో మెటాల్, హైడ్రోక్వినోన్ అని రెండు సరుకులుంటాయి. మెటాల్ మెత్తగా పనిచేస్తుంది, నీడల్ని పైకి తెస్తుంది. హైడ్రోక్వినోన్ నలుపుని బిగిస్తుంది. వేడికి ఈ రెండోదే ఎక్కువ రెచ్చిపోతుంది. చలికి అదే ముందు నిద్రపోతుంది.

కాబట్టి ఐసు. పెద్ద బేసిన్‌లో ఐసు ముక్కలూ నీళ్ళూ పోసి, అందులో డెవలపర్ ట్యాంకుని నిలబెట్టేవాళ్ళు. ఐసుని డెవలపర్‌లోనే వేస్తే పలచబడిపోతుంది కనుక బయటే ఉంచాలి. డెవలపర్‌ని ఒక్కదాన్నే చల్లబరిచి, బొమ్మని స్థిరపరిచే హైపోనీ కడిగే నీళ్ళనీ వేడిగా వదిలేసినా ప్రమాదమే. ఫిల్మ్ మీది జెలటిన్ చల్లదనం నుంచి ఒక్కసారి వేడిలోకి పోతే సన్న సన్న ముడతలు పడిపోతుంది. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి. ఇంకో ఉపాయం కూడా ఉంది. డెవలపర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి టైము పెంచుతారు. అప్పుడు నిమిషం అటూ ఇటూ అయినా కొంప మునగదు, తెలుపులు కూడా అదుపులో ఉంటాయి.

ఇక ప్రింటు దగ్గరికి వద్దాం. ఇక్కడ సూత్రం తిరగబడుతుంది. జాగ్రత్తగా వినండి. ఫిల్మ్ మీద ఎక్స్‌పోజర్ నీడ కోసం అన్నాను కదా. కాగితం మీద ఎక్స్‌పోజర్ తెలుపు కోసం. పంచెలో మడతలు సన్నగా కనిపించేంత వెలుగు, నెగటివ్‌ని కాగితం మీద పెద్దది చేసి పడేసే ఎన్‌లార్జర్ నుంచి ఇవ్వాలి. ముందు అది కుదర్చాలి. ఆ తర్వాత మొహం ఎలా ఉందో, జుట్టు ఎలా ఉందో చూడాలి. మొహం మరీ నల్లబడిందా, అయితే మెత్తటి పేపరుకి మారాలి. నలుపులు బూడిదరంగులో వెలవెలబోతున్నాయా, అయితే హార్డ్ పేపరుకి మారాలి. ఫిల్మ్‌కి నీడ ముందు, కాగితానికి తెలుపు ముందు. ఈ తేడా తెలియక ఎంతమంది ఎన్ని పేపర్లు పాడు చేసుకున్నారో!

పేపర్లు నంబర్ల లెక్కన వచ్చేవి. 1 నంబరు సాఫ్ట్, 2 నార్మల్, 3, 4 హార్డ్. మన దేశంలో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ సంస్థ ఉండేది. 1960లో పెట్టారు, 1967 నుంచి సరుకు తయారైంది. 'ఇందు' పేరుతో వచ్చిన ఆ పేపరు, ఆ ఫిల్మ్ వాడని స్టూడియో అప్పట్లో అరుదు. కానీ చిన్న ఊళ్ళో స్టూడియోకి నాలుగు నంబర్లూ కొని ఉంచుకునే స్తోమత ఎక్కడిది? తెరిచిన డబ్బా తేమకీ వేడికీ పాడైపోతుంది. ఒకటో రెండో రకాలతో ఊరంతటికీ ప్రింట్లు వేయాలి. పాస్‌పోర్టు సైజు ఫొటోకీ పెళ్ళి ఫొటోకీ అదే పేపరు. హార్డ్ పేపరు వేస్తే ఫొటో చురుగ్గా, 'క్లియర్‌గా' కనిపిస్తుంది, తీయించుకున్నవాళ్ళూ మెచ్చుకుంటారు. ఆ చురుకుదనానికి బలైపోయింది మొహమే. ఫొటోకి ముందు మొహానికి పౌడరు దట్టంగా పూయించేవాళ్ళు, మీకు గుర్తుండే ఉంటుంది. డార్క్ రూమ్‌లో చేయాల్సిన పనిని మనిషి చర్మం మీద చేయడమే అది. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ కంపెనీ 1940లోనే మల్టీగ్రేడ్ పేపరు తెచ్చింది. ఒకే కాగితం మీద రెండు గుణాలు: నీలం వెలుగు తగిలితే హార్డ్, ఆకుపచ్చ తగిలితే సాఫ్ట్. ఎన్‌లార్జర్‌కి పసుపు ఫిల్టర్ పెడితే మెత్తబడుతుంది, ఎర్ర ఊదా ఫిల్టర్ పెడితే బిగుస్తుంది. ఒక్క డబ్బాలో అన్ని నంబర్లూ ఉన్నట్టే. ఇప్పటికీ డార్క్ రూమ్ పని చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది ఇదే.

ఒక్క ప్రింటు ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూద్దాం. ఎర్రలైటు వెలుగుతోంది. పంచె కోసం మొత్తం 20 సెకన్లు కావాలనుకోండి. అంతసేపు వెలుగు పడితే మొహం నల్లబడిపోతుంది. అందుకని సన్నటి తీగ చివర రూపాయి బిళ్ళంత అట్టముక్క అంటించి, ఆ 20లో ఐదారు సెకన్లు మొహం మీద నీడ పట్టాలి. ఆ అట్టని కదుపుతూనే ఉండాలి. కదపకపోతే మొహం చుట్టూ తెల్లటి గుండ్రం పడి దొరికిపోతాం. తర్వాత పంచెకి ఇంకో పది సెకన్లు విడిగా ఇవ్వాలి. రెండు చేతులూ దగ్గరికి చేర్చి, వేళ్ళ మధ్య సందు వదిలి, ఆ సందులోంచి వెలుగు పంచె మీద ఒక్కచోటే పడేలా చూడాలి. ఇక కాగితాన్ని డెవలపర్‌లోకి జార్చాలి. ముందు జుట్టు, కనుబొమలు తేలతాయి. తర్వాత మొహం వస్తుంది. అప్పుడు తొందరపడి బయటికి తీసేస్తారు చాలామంది, ఇంకా ఉంచితే నల్లబడుతుందని భయం. తీయకూడదు. పూర్తి టైము ఉంచాలి. ముందే లాగేసిన ప్రింటులో నలుపు నలుపుగా ఉండదు, మచ్చలుగా, మురికిగా ఉంటుంది. అలా ఆఖరి నిమిషం దాకా ఉంచితే అప్పుడు వస్తుంది పంచె అంచు, ఆ అంచు పక్కన నేత. తడి మీద ఉన్నప్పుడు ప్రింటు కాంతిగా కనిపిస్తుంది, ఆరాక ఒక పిసరు ముదురుతుంది. అది కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

పాత చేతులకి తెలిసిన ఇంకో కిటుకు నీళ్ళ ట్రే. డెవలపర్‌లో కాసేపు ముంచిన ప్రింటుని మామూలు నీళ్ళలో కదపకుండా వదిలేస్తారు. నలుపు భాగాల్లో ఇంకిన డెవలపర్ త్వరగా ఖర్చయిపోయి అక్కడ పని ఆగుతుంది. తెలుపు భాగాల్లో ఖర్చు తక్కువ కనుక అక్కడ నెమ్మదిగా సాగుతుంది. దాంతో నలుపు ముదరకుండానే పంచెలో మడతలు పైకి వస్తాయి. హార్డ్ పేపరు ఒక్కటే ఉన్నవాడికి అది ప్రాణదానం.

వరంగల్ వైపువాళ్ళకి ఒక మాట. రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపినవాడు, 1905లో కన్నుమూశాడు. లార్డ్ కర్జన్ దంపతులు వేటాడిన పులితో నిలబడ్డ ఫొటో ఆయనదే. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర తీసింది. ఆయన కాలంలో నెగటివ్‌లు గాజు పలకలు, ప్రింటుకి కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం. గాజుపలక కింద కాగితం పెట్టి ఎండలో ఉంచితే కంటి ముందే బొమ్మ తేలుతుంది. ముందుగా నల్లబడ్డ భాగం తన కింది కాగితానికి తనే గొడుగు పట్టి, ఇంకా నల్లబడకుండా ఆపుతుంది. అంటే ఆ కాగితం తనంతట తానే కాంట్రాస్ట్‌ని మెత్తబరుచుకునేది. అందుకే ఆయన నెగటివ్‌లు చిక్కగా, వెలుగు నీడల మధ్య చాలా దూరంతో ఉండేవి. ఆ గాజుపలకలే తీసుకుని ఇప్పటి బ్రోమైడ్ పేపరు మీద ప్రింటు వేస్తే కటువుగా వస్తాయి. తప్పు ఆయనది కాదు, జత కుదరకపోవడమే. నెగటివ్‌కి కాగితం తగ్గ జోడీ కావాలి. నెగటివ్‌కి తగ్గ కాగితం, మరోసారి చెబుతున్నాను.

సినిమాలోనూ ఇదే లెక్క. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ చూపించిన వెన్నెలని మనం ఇప్పటికీ తలుచుకుంటాం. ఆ వెన్నెల వెనక కెమెరాతో పాటు లేబొరేటరీ కూడా ఉంది. సినిమా నెగటివ్‌ని మెత్తగా కడిగి, థియేటర్‌కి పంపే పాజిటివ్‌ని గట్టిగా కడిగేవాళ్ళు. రెండూ కలిస్తేనే చీకటి హాల్లో తెర మీద ఆ వెలుగు.

ఇప్పుడు సూరత్ మాట. ఇక్కడ కథ పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. చీరల మీద ప్రింటింగ్‌కి స్క్రీన్లు తయారు చేసేటప్పుడు ఒక్కో రంగుకి ఒక్కో ఫిల్మ్ కావాలి. ఆ ఫిల్మ్‌లో బూడిదరంగు అసలు ఉండకూడదు. ఉంటే పూర్తి నలుపు, లేదా పూర్తి ఖాళీ. స్క్రీన్ మీద పూసిన మందు వెలుగు తగిలిన చోట గట్టిపడుతుంది, నలుపు అడ్డుపడ్డ చోట నీళ్ళకి కరిగి పోతుంది. ఆ కరిగిన చోటు నుంచే రంగు గుడ్డ మీదికి దిగుతుంది. నలుపులో ఏ మాత్రం పలచన ఉన్నా వెలుగు కారి, పువ్వు అంచు చెదిరిపోతుంది. అందుకని లిత్ ఫిల్మ్ వాడేవాళ్ళు. దాని డెవలపర్‌లో మెటాల్ ఉండదు, హైడ్రోక్వినోన్ ఒక్కటే. అక్కడ ఒక రేణువు నల్లబడితే పక్క రేణువుని కూడా తొందరపెడుతుంది. మొహాన్ని పాడు చేసిన గుణమే పువ్వుకి ప్రాణం పోసింది. ఇప్పుడు ఆ ఫిల్మ్‌లు చాలావరకు కంప్యూటర్ నుంచి వస్తున్నాయి, కొన్నిచోట్ల ఫిల్మే లేకుండా గుడ్డ మీదే అచ్చు పడుతోంది.

కతర్‌గామ్‌లో హీరా పని, అంటే వజ్రాల పని చేసే అన్నదమ్ములకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాళ్ళు పరిచి, తెలుపుకీ తెలుపుకీ మధ్య తేడా పట్టడం వాళ్ళ రోజువారీ పని. ప్రింటు వేసేవాడి కన్ను కూడా అలాగే తయారవ్వాలి, తెలుపులోనే కాదు, నలుపులో కూడా.

ఇక మీ ట్రంకు పెట్టెకి వద్దాం. ఫొటో దగ్గరే ఒక కాగితం కవరులో నెగటివ్ ఉందేమో చూడండి. ఊళ్ళో స్టూడియో ఇంకా ఉంటే, ఆ పెళ్ళి నెగటివ్‌లు ఉన్నాయేమో అడగండి. దొరికితే అంచులు పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తి చూడండి, మధ్యలో వేలు తగలనివ్వకండి. మొహం ఉన్న చోటు పలచగా ఉంటుంది. ఆ పలచటి చోట కళ్ళ గుంటలు, ముక్కు పక్క గీత, పెదవి కింది నీడ ఏ కాస్త కనిపించినా, ఆ మొహం అక్కడ ఉన్నట్టే. మెత్తటి పేపరు మీద, కాస్త నీడ పట్టి, ఓపికగా ప్రింటు వేస్తే బయటికి వస్తుంది. స్కాన్ చేయించినా సరే, చేసేవాళ్ళకి ఒక్క మాట చెప్పండి: చురుగ్గా కనిపించాలని కాంట్రాస్ట్ పెంచొద్దు, మొహం చూసి చేయమనండి. కుంకుమ బొట్టు, ఎర్ర అంచు నల్లగా కనిపిస్తే కంగారు పడకండి. పాత ఫిల్మ్‌లు కొన్నిటికి ఎరుపు కనిపించేది కాదు.

సూరత్ వానాకాలం నెగటివ్‌లకి మంచిది కాదు. తేమకి జెలటిన్ మీద బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టకండి, లోపల తేమ నిలిచిపోతుంది. ఒక్కొక్కటీ విడివిడిగా కాగితం కవర్లలో పెట్టి, డబ్బాలో నిలువుగా నిలబెట్టండి. ఇనప బీరువా పై అరలో వేడి ఎక్కువ, కింది అరలో చెమ్మ ఎక్కువ, మధ్య అర మేలు. కవరు మీద పేర్లూ, ఊరూ, ఏడాదీ పెన్సిల్‌తో రాయండి, నెగటివ్ లోపల పెట్టకముందే రాయండి. పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.